విక్టోరియా కారుకు గేరాయిలు

పొద్దున్నే కాఫీ తాగి, బానెట్టు మీద పడుకున్న పిల్లిని అదిలించి, కారు తుడుచుకోవడం విక్టోరియాకు అలవాటు. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరై పుంగనూరు వచ్చేటప్పుడు ఒక ముసలి డాక్టరు దగ్గర కొన్న కారు అది. గేర్లు మనం వేసే పని లేదు, అదే మార్చుకుంటుంది. మూడు లక్షల కిలోమీటర్లు దాటాక మీటరుకు విసుగొచ్చి తిరగడం మానేసింది.

ఆ కారులో బిడ్డలు పుట్టరు. నొప్పులు ఎంత ముదిరినా సరే, తలుపు వేసి కారు కదిలిందంటే బిడ్డ కడుపులోనే ఆగుతుంది. ఆసుపత్రి ముందు దించాకే బయటికి వస్తుంది. అందుకే పుంగనూరు చుట్టుపక్కల కాన్పంటే ముందు విక్టోరియాకు ఫోను చేస్తారు, మొగుడికి తీరిగ్గా చెబుతారు.

ఆ ధైర్యమే రెండేళ్ళ కిందట కొంప ముంచింది. కూతురు బీనాను కుప్పంలో ఇచ్చారు. తొలికాన్పుకు ఆమెను తీసుకురావడానికి విక్టోరియా కారు వేసుకుని వెళ్ళిన రోజే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి వీధి చివర్లోనే ఉంది. కానీ ఈ కారుండగా భయమేమిటి, బిడ్డ ఎలాగూ ఆగుతుంది, తెలిసిన మదనపల్లెకే పోదామనుకున్నారు. ఆ మాట ముందుగా అన్నది విక్టోరియానే. గంగవరం దగ్గర గేరు పట్టు తప్పింది. ఇంజను అరుస్తోంది గానీ కారు పాకుతోంది. దిగి వేరే బండి ఎక్కుదామని ఎవరికీ తోచలేదు. బిడ్డ బుద్ధిగా ఆగింది. దించేసరికి ప్రాణం లేదు.

కారును ఎవరూ ఏమీ అనలేదు. విక్టోరియా కూడా అనలేదు. కుప్పానికి మాత్రం ఆ తర్వాత బస్సులోనే వెళ్ళేది.

ఇప్పుడు బీనాకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ముందుగానే పుంగనూరు తెచ్చుకున్నారు. ఏదో తంటా పడి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చిన గేరు మళ్ళీ జారడం మొదలుపెట్టింది. తల్లీకూతుళ్ళు కారును మెకానిక్కు మధుసూదన్ దగ్గరికి తీసుకెళ్ళారు. అతను గేరాయిలు కొలిచే పుల్ల లాగి, వేలికి రాసుకుని వాసన చూశాడు. నల్లగా, మాడు వాసన కొడుతోంది.

"కొన్నప్పట్నించీ మార్చలేదా సిస్టరమ్మా?"

"లేదప్పా. మార్చాల్నా?"

"అదే నాకూ తెలీడం లేదు. మార్చకుంటే ఏదో ఒక దినం దావలోనే నిల్చిపోతాది. మారుస్తామా, ఇన్నేండ్ల అరుగుదల పొడంతా ఈ ఆయిల్లోనే ఉండాది, ఆ పట్టుతోనే నడస్తాండాదేమో. కొత్తది పోస్తే అసలుకే జారిపోయినా పోవచ్చు." చెయ్యి తుడుచుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. "బిడ్డల్ని ఆపేదీ ఈ పాత ఆయిలే. కొత్తదానికి ఆ ఓపిక ఉండదు. ముందే సెప్తాండా, మళ్ళా నన్ననొద్దు."

ఆ సాయంత్రమే పక్కింటి రామక్క వచ్చి కూర్చుంది. ఆమె మనవళ్ళిద్దరూ ఆ కారులో ఆగి వచ్చినవాళ్ళే.

"బిడ్డ కాన్పు పెట్టుకోని ఎవురైనా ఆయిలు మారుస్తారా? దావలో పుట్టేస్తే బొడ్డెవురు కోస్తారు?"

ఉద్యోగమంతా బొడ్లు కోసిన మనిషిని పట్టుకుని అడగాల్సిన మాటే. విక్టోరియాకు కోపం రాలేదు, భయం వేసింది. "పోనీ, నీకు వేరే బండి మాట్లాడతా," అంది కూతురితో.

బీనా పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "నేను వేరే బండిలో పోతా సరే. రేపు ఇంకో పిల్ల దీంట్లో ఎక్కితే? బిడ్డను ఆపే పని మనకెందుకుమా? అది వచ్చే టయానికి అది రానీ. మార్పించు."

పాత ఆయిలు దిగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఏ తొందరా లేకుండా, ఆగి ఆగి కారింది. కొత్తది ఎర్రగా, చకచకా లోపలికి పోయింది. కారు ఒకసారి కుదిపి, ముందుకు కదిలింది. మధుసూదన్ దండం పెట్టుకున్నాడు.

వారం తిరక్కముందే, పొద్దున పూట, నొప్పులు వచ్చాయి. వెనక సీట్లో బీనాను పట్టుకుని రామక్క కూర్చుంది. గేరు ఎక్కడా జారలేదు. టమోటా లారీలను దాటుకుంటూ మదనపల్లె వైపు సగం దారి వచ్చారో లేదో, బీనా సీటు పట్టుకుని అరిచింది.

"వస్తాండాదిమా!"

ఆగుతుందిలే అనబోయి విక్టోరియా నాలుక కరుచుకుంది. కారు పక్కకు తీసి, వెనక తలుపు తెరిచి, చీర కొంగు నడుముకు బిగించింది. పక్క తోటలో టమోటాలు ఏరుతున్న ఆడవాళ్ళు పరుగున వచ్చి చుట్టూ కొంగులు అడ్డం పట్టారు.

ఆడపిల్ల. బయటపడీ పడకముందే రోడ్డంతా వినబడేలా ఏడ్చింది. విక్టోరియా బొడ్డు కోసి, బిడ్డను తుడిచి, కొంగులో చుట్టి రామక్కకు అందించింది. రామక్క ఉలులుల అంటూ ఊరుకోబెట్టబోయింది.

"వద్దవ్వా," అంది బీనా, కళ్ళు తుడుచుకోకుండానే. "ఏడవనీ."