బయటికొచ్చే ఆరు నిమిషాలు

పొద్దుటి నుంచి ఎనిమిది మందిని పరీక్షించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకడు గొట్టాన్ని తిప్పిందే తిప్పి రబ్బరు పేగును కూడా ఏడిపించాడు. ఇంకొకామె బొమ్మ రోగికి సారీ చెప్పింది. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే డాక్టర్లందరూ ముందు ఈ బొమ్మ రోగి యంత్రం మీద పాసవ్వాలట, కొత్త నియమం. మార్కులు వెయ్యడానికి నేను దొరికాను, నా ఖర్మ.

తొమ్మిదోసారి తలుపు తీసుకుని వచ్చింది మా పెద్దాయన. నాకు గొట్టం పట్టుకోవడం నేర్పిన మనిషి. ఫెయిలైతే మూడు నెలలు పని ఆపాలి. ఆయన వయసులో ఒకసారి ఆపితే మళ్ళీ ఎవరూ పిలవరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఏమ్మా, నాకు మార్కులేసేది నువ్వా?" అంటూ నవ్వుతూ కూర్చున్నారు.

"ఏం చేస్తాం సార్, ఆ పాపం నా నెత్తిన పడింది."

అబ్బ, ఏం చెయ్యి అది! నాలుగు నిమిషాల్లో చివరికంటా వెళ్ళిపోయారు. నా అలసట సగం పోయింది. తర్వాత గొట్టం బయటికి లాగడం మొదలుపెట్టారు. పేగు గోడల మీద గడ్డలు కనిపెట్టేది అప్పుడే, అందుకు కనీసం ఆరు నిమిషాలు పట్టాలి. ఆయన రెండు నిమిషాల్లో లాగేసి చేతులు దులుపుకున్నారు. యంత్రం దాచిన ఐదు గడ్డల్లో రెండు చూడనేలేదు.

"అంత తొందరేంటి సార్?"

"తొందరా? రోజూ ఇంతేగా! బయట ఇరవై మంది కూర్చునుంటే ఆరేసి నిమిషాలు ఎక్కణ్ణుంచి తేను తల్లీ? మొన్న మీ అమ్మగారికీ ఇంతే. ఇట్టే అయిపోయిందని నువ్వే మురిసిపోయావుగా!"

నిజమే, మురిసిపోయాను. విరేచనంలో రక్తం పడుతోందని తీసుకొస్తే, అమ్మని వరసలో కూర్చోబెట్టకుండా ముందే చూసి ఏమీ లేదన్నారు. ఇంకా పడుతూనే ఉందే అని అమ్మ అంటే, ఊరికే భయపడకమ్మా అని నేనే కసిరాను.

ఫెయిల్ అని రాసి కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఒక్క మాట అంటే మళ్ళీ చేసేవాణ్ణి కదమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. వరండాలోకి వచ్చి అక్కకి ఫోన్ చేశాను.

"రేపంతా అమ్మకి అన్నం పెట్టకు. ఎల్లుండి పొద్దున్నే తీసుకురా, మళ్ళీ పరీక్ష చెయ్యాలి."

"అదేంటే, చూసి ఏమీ లేదన్నారుగా?"

"చూడలేదక్కా. సరిగ్గా చూడనేలేదు."