ఆయాసం ఉన్నవాళ్ళు ఎడమ పక్కకి

నూలు మిల్లులో అందరూ తాత అని పిలిచే ముసలి కూలీ మెట్ల మధ్యలో కూలబడ్డాడు. భుజం మీది దూది మూట దొర్లుకుంటూ కిందికి పోయింది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు.

"నాటకాలాపి లే," అన్నాడు మేస్త్రీ పైనుంచి. "జ్వరం ఎప్పుడో తగ్గింది. కంపెనీ డాక్టరు ఫిట్ అని రాశాడు."

వదిన దూది ఏకే మిషను వదిలి పరుగెత్తబోయింది. గుండె మీద బండ పెట్టినట్టయి, గోడ పట్టుకుని ఆగిపోయింది. ఆమె అసలు పేరు మిల్లులో ఎవరికీ గుర్తులేదు. అదే షెడ్డులో దూది బేళ్ళు మోసే మరిది వదినా అని పిలుస్తాడు కాబట్టి ఊరందరికీ వదినే.

ఆ చలికాలం జ్వరం మిల్లులో సగం మందిని పడగొట్టింది. జ్వరం పోయింది గానీ, పోయిన ఊపిరి తిరిగి రాలేదు. వదిన తాతని పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూపించింది.

"వైరస్ పోయిందమ్మా. అది చేసిన గాయాలు ఊపిరితిత్తుల్లో మచ్చ కట్టాయి. రోగంతో పోరాడే శక్తి కూడా దారి తప్పింది. కొందరికి శత్రువు పోయినా పోరు ఆగక సొంత ఒంటినే కాలుస్తుంది. కొందరికి చిన్న జలుబుని కూడా తట్టుకోదు. చాలామందికి నెమ్మదిగా నయమవుతుంది. ఆ దుమ్ములో ఉంటే మాత్రం కష్టం."

దుమ్ము లాగే ఫ్యాన్లు చెడిపోయి ఎన్నాళ్ళో అయింది. అడిగినప్పుడల్లా మేనేజరు సామాను రావాలనేవాడు. నూలు తెగే మిషనుకైతే పూట తిరక్కుండా సామాను వచ్చేది.

తాత ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. మామూలు జలుబే న్యుమోనియా అయి ఆయన్ని తీసుకుపోయింది.

తాత పోయిన రెండో రోజు మధ్యాహ్నం క్యాంటీనులో అందరూ కూడారు.

"ఫ్యాన్లు బాగుచేసేదాకా మిషన్లు ఆపుదాం," అంది వదిన. మాటకీ మాటకీ మధ్య గాలి తీసుకుంటోంది. "జ్వరం పడి లేచినవాళ్ళని కోలుకునేదాకా ప్యాకింగులో పెట్టమందాం. జీతం కొయ్యకుండా."

మరిది లేచాడు. "మీరు ప్యాకింగులో కూర్చుంటే మీ పని ఎవరు చెయ్యాలి? మేమా? మా పొట్టెందుకు కొడతావు వదినా?"

"రోగం గాలిలోంచి వచ్చిందిరా. దాన్ని మాననివ్వనిది మిల్లు."

"మిల్లు మూతపడితే తినేది గాలేనా?"

కొందరు నవ్వారు. నూలు చుట్టే ముసలామె నవ్వలేదు. "నవ్వండి నాయనా. నవ్వడానికైనా ఊపిరుండాలి."

ఏదీ తేలకుండానే గంట కొట్టారు. మాట మాత్రం సాయంత్రానికల్లా మేనేజరు చెవిన పడింది.

మర్నాడు పొద్దున అందరినీ గేటు ముందే ఆపేశారు. మేనేజరు పక్కన కంపెనీ డాక్టరు, వాళ్ళ వెనక పోలీసు వ్యాను.

"మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం," అన్నాడు మేనేజరు. "ఆయాసం ఉన్నవాళ్ళు ఎడమ పక్కకి రండి. మీరు అన్‌ఫిట్. ఇక ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకోండి. మిగతావాళ్ళు లోపలికి నడవండి."

విశ్రాంతి అడిగితే ఫిట్. హక్కు అడిగితే అన్‌ఫిట్. వదినకి నవ్వొచ్చింది. దగ్గు ఆ నవ్వుని మింగేసింది. ఆమె ఎడమ పక్కకి నడిచి ఒక్కతే నిలబడింది. వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది.

చెప్పుల చప్పుడైంది. మరిది వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నువ్వెందుకురా? ఇంట్లో ఒక్కరి సంపాదనన్నా ఉండనీ."

"నాకూ వచ్చింది వదినా ఆ జ్వరం. ఎవరికీ చెప్పలా." వాడు నేలచూపులు చూస్తున్నాడు. "బేలు ఎత్తినప్పుడల్లా గోడౌను వెనక్కెళ్ళి కూర్చుంటున్నా. తెలిస్తే పని పోద్దని. నిన్న నీ మీద అరిచింది కూడా ఆ భయంతోనే."

మెల్లగానే అన్నాడు. ముందు వరసకి వినబడింది. నూలు చుట్టే ముసలామె వచ్చింది. ఏనుగు అని అందరూ పిలిచే ఫిట్టరు, ఇన్నాళ్ళూ దాచుకున్న దగ్గు బయటికే దగ్గుతూ వచ్చాడు. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చారు. ఇంతమందా అనుకుంది వదిన. చివరికి జ్వరం తగలనివాళ్ళు కూడా, రేపు మా వంతే కదా అంటూ ఇటే నడిచారు. మేస్త్రీ ఒక్కడే కుడి పక్కన మిగిలాడు. కంపెనీ డాక్టరు తల దించుకున్నాడు.

మేనేజరు వదిన వైపు వేలు చూపించాడు. పోలీసులు ఆమెని రెక్క పట్టుకుని వ్యానెక్కించారు. మెట్టు మీద ఊపిరందక ఆమె ఆగితే వెనకనుంచి నెట్టారు. లోపల కూర్చుని, కాస్త గాలి పీల్చుకుని, కిటికీ చువ్వల్లోంచి ఒక్క మాటే అంది.

"కూర్చోండి."

మరిది వ్యాను ముందు చక్రం దగ్గరే కూర్చున్నాడు. వాడి వెనక షెడ్డు షెడ్డంతా కూర్చుంది.

షిఫ్టు సైరను మోగింది. ఒక్కరూ లేవలేదు. రోడ్డు చివర మరిన్ని వ్యాన్లు మలుపు తిరుగుతున్నాయి. కూర్చున్నవాళ్ళు వాటిని చూశారు. చూసి, ఒకరికొకరు ఇంకాస్త దగ్గరగా జరిగారు.