లచ్చవ్వ దాచిన దెబ్బలు

ఇటు జరిగి కూర్చో తల్లీ, ఆ రేడియో గొంతు కాస్త తగ్గించు. లచ్చవ్వ సంగతి చెబుతాను. తార్నాకలో ఇన్ని మేడలు లేని కాలం, అరవై ఎనిమిదో సంవత్సరం.

మాణికేశ్వర్ నగర్‌లో ఒక రేకుల ఇంట్లో లచ్చవ్వ, ఆమె ఒక్కగానొక్క కొడుకు గట్టయ్య ఉండేవాళ్ళు. గట్టయ్యకు ఇంకా ఇరవై నిండలేదు. యూనివర్సిటీ హాస్టలు మెస్సులో అన్నం వార్చే పని. ఒకనాడు మెస్ మేనేజరు వెంకటనర్సయ్యను ఇనుప గరిటెతో కొట్టాడు. మోచేతి ఎముక విరిగింది. కొట్టలేదని గట్టయ్య అననూ లేదు. నేరం రుజువైంది, ఇక శిక్ష ఒక్కటే మిగిలింది; అది తేలేదాకా వాణ్ణి జైల్లోనే ఉంచారు. జైల్లోనే ఉంచాలా, పూచీకత్తు మీద ఇంటికి పంపాలా అన్నది తేల్చే ముందు, చిన్న వయసువాడు కనుక, వాడి పెంపకం ఎలాంటిదో కనుక్కు రమ్మని జడ్జి ఒక ఆఫీసరును పంపాడు.

ఆఫీసరు వస్తున్నాడనగానే లచ్చవ్వ పెళ్ళిచూపులకు చేసినంత హడావిడి చేసింది. గోడలకు సున్నం కొట్టింది. పక్కింటి రాములమ్మ దగ్గర నుంచి కుర్చీ, ఎదురింటి కాశమ్మ దగ్గర నుంచి ఇత్తడి బిందెలు తెచ్చి పెట్టింది. కోడిని కోసింది. ఇల్లు కళకళలాడుతుంటే పిల్లవాడు మంచివాడని రాస్తారని ఆమె నమ్మకం. బస్తీ మొత్తం అలాగే నమ్మింది.

"మాకేం తక్వ సారూ," అన్నది లచ్చవ్వ. "పాలు, పెరుగు పోసి పెంచిన. వాని ఒంటి మీద ఒక్క దెబ్బ పడలే."

"అవ్ సారూ, రాజు లెక్క పెరిగిండు," అని రాములమ్మ వంత పాడింది.

ఆఫీసరు కూర బాగుందని మెచ్చుకుని, తిని, రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే కరుణమ్మ వచ్చింది. గుంటూరు వైపు మనిషి, తార్నాకలో టీచరమ్మ. బడి అయ్యాక ముద్దాయిల ఇళ్ళకు తిరిగి, వాళ్ళ బతుకులో ఏం జరిగిందో అడిగి తెలుసుకుని వకీలుకు చెప్పేది. శిక్ష వేసేవాడికి నేరం ఒక్కటే కాదు, మనిషి కూడా కనబడాలని ఆమె పట్టుదల. ఆ రోజు ఉడికిపోతూ వచ్చింది.

"ఏం చెప్పావమ్మా ఆయనకి? ఏ లోటూ లేకుండా పెరిగాడు, ఒళ్ళు పొగరుతో కొట్టాడు, జైలే సరైందని రాసిపెట్టాడు."

లచ్చవ్వ చేతిలోని చీపురు పక్కన పెట్టింది. "ఇజ్జత్ కోసం చెప్పిన గదమ్మా."

"జైల్లో నీ కొడుకుని చూసొచ్చాను. కుడి పక్క నుంచి పిలిస్తే పలకలేదు. ఆ చెవి ఏమైంది?"

లచ్చవ్వ రాములమ్మ ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"కరువు కాలంల తిండికి లేక పటేలు కాడ పాలేరు కింద ఉంచినం. సిన్న పోరడు. బర్రె తప్పిపోయిందని కొట్టంల గుంజకు చేతులు కట్టేసి కొట్టిండు పటేలు. కుడి చెవిలకెళ్ళి నెత్తురు కారింది. గా దినం సంది గీ చెవి ఇనపడదు."

"మరి మెస్సులో ఏం జరిగింది?"

"నెయ్యి డబ్బ పోయిందని మేనేజరు పిలిచిండట. ఈనికి ఇనపడలే. నన్ను లెక్కజేస్తలేవా అని తువ్వాలతోని చేతులు స్తంభానికి కట్టవోయిండు. చదువుకునే పిల్లలు నవ్విండ్రట. గప్పుడు గరిటె అందుకున్నడు."

"కోర్టులో ఈ మాట చెప్పలేదే?"

"ఎవరడిగిండ్రమ్మా? కొట్టినవా అన్నరు, కొట్టిన అన్నడు."

చూశావా తల్లీ. పసివాణ్ణి గొడ్డును కట్టినట్టు కట్టి కొట్టిన పటేలు మీద కేసు లేదు. మళ్ళీ కట్టబోతే చెయ్యెత్తినవాడికి జైలు. నెయ్యి డబ్బా ఎవరు తీశారో ఈనాటికీ తేలలేదు.

కరుణమ్మ ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసరు దగ్గరికి పోయింది.

"నువ్వే కదమ్మా చెప్పావు, ఇప్పుడు మాట మారిస్తే ఎలా?" అన్నాడాయన.

"నేను సిగ్గుకు అబద్ధమాడిన సారూ. మీరెందుకు నమ్మిండ్రు? రేకుల ఇంట్ల గంత పెద్ద కుర్చీ ఏడికెళ్ళి వచ్చిందని అడగకపోతిరి. నా కొడుకును జైల్ల ఒక్కపారన్న చూడకపోతిరి. కూర మాత్రం బాగున్నదంటిరి."

ఆఫీసరు తాను రాసిన కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఇదంతా కోర్టులో అందరి ముందూ చెప్పగలవా?"

చెప్పింది. వాయిదా నాడు గుంజ సంగతి, నెత్తురు సంగతి, తువ్వాలు సంగతి, అన్నీ చెప్పింది. కొడుకు బోనులో ముఖం తిప్పుకున్నా ఆపలేదు. ఆఫీసరు కూడా లేచి, తాను రాసింది తప్పని ఒప్పుకున్నాడు. కట్టబోయిన మాట నిజమేనా అని జడ్జి మేనేజరును అడిగాడు.

"బెదిరిద్దామనే సార్," అన్నాడు వెంకటనర్సయ్య, పైకప్పు వైపు చూస్తూ.

గట్టయ్యను మంచి నడవడి పూచీకత్తు మీద వదిలేశారు. మేనేజరును ఇంకొక్క మాట అడిగినవాడు లేడు. అతను మళ్ళీ అదే మెస్సుకు పోయాడు. పని పోయింది గట్టయ్యకే.

కోర్టు నుంచి ఇంటికి నడిచి వస్తూ, అడిక్‌మెట్ దాటాక గట్టయ్య అడిగాడు. "పటేలు సంగతి మంది ముందట ఎందుకు చెప్పినవే అవ్వా? నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

"సిగ్గు నీది గాదు బిడ్డా," అన్నది లచ్చవ్వ. "కట్టినోళ్ళది. ఇన్నేండ్లు వాళ్ళ సిగ్గును మనం మోసినం. ఇగ నేను మొయ్య."

అందుకే తల్లీ, ఇది మనసులో పెట్టుకో. గట్టయ్యనా? వాడు మేనేజరును కొట్టినవాడు కదా అని ఎవరైనా అంటే, ఊరుకోకు. కూర్చోబెట్టి కథంతా చెప్పు. గరిటె దగ్గర మొదలుపెట్టకు, గుంజ దగ్గర మొదలుపెట్టు.