తిరగని ఎలక్ట్రాన్లు

ఆ సాయంత్రం మా ఇంట్లో గొడవ పంచదార డబ్బా మూత గురించి.

"వంటింట్లో మూతలన్నీ మీ బొమ్మలకేనా? అంచంతా ఎర్ర రంగు" అన్నారు అత్తయ్య.

"గుండ్రం గీయడానికి కంపాసు పెడితే కాగితానికి చిల్లు పడుతుంది, మూత పెడితే పడదు. నలభై ఏళ్లుగా చెబుతున్నాను" అన్నారు మామయ్య.

"నలభై ఏళ్లుగా నేనూ కడుగుతున్నాను."

మామయ్య బడి గోడలకు తగిలించే చార్టులు చేత్తో వేస్తారు. అచ్చు చార్టులు వచ్చాక ఒక్కొక్క బడీ ఆయన్ను అడగడం మానేసింది. ఇప్పుడు మిగిలింది మా అమ్మాయి బుల్లి తొమ్మిదో తరగతి చదివే బడి ఒక్కటే. ఆ రోజు అక్కణ్ణుంచి పరమాణువు చార్టు తిరిగొచ్చింది. బుల్లి తెచ్చిచ్చిన చార్టు చుట్టకు సైన్సు మేడమ్ రాసిన చీటీ గుచ్చి ఉంది. "ఎలక్ట్రాన్లు ఇలా గుండ్రంగా తిరగవండీ. మార్చగలరా? వీలుకాకపోతే అచ్చుది కొనుక్కుంటాం."

మామయ్య దాన్ని రెండుసార్లు చదివారు. "నలభై ఏళ్లు తిరిగినవి ఇప్పుడెందుకు ఆగాయట?" అంటూ కుంచెలు కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టేశారు. ఆయన కుంచెలు ఎప్పుడూ గ్లాసులోనే ఉంటాయి. అత్తయ్య కూడా మూత సంగతి వదిలేశారు.

నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ ఆయన దగ్గర కూర్చున్నాను.

"పరమాణువంటే ఇంక ముక్కలవ్వనిది. పేరులోనే పరమ అని ఉంది కదమ్మా" అన్నారాయన.

"పేరు పెట్టేశాక ముక్కలయింది తాతయ్యా" అంది బుల్లి.

ఆయన నవ్వలేదు గానీ కుర్చీ మావైపు తిప్పుకున్నారు.

నాకు గుర్తున్నది చెప్పుకొచ్చాను. మొదట దాన్ని గట్టి గోళీ అనుకున్నారు. ఏ పదార్థం నుంచైనా ఒకే రకం చిన్న రేణువులు బయటపడుతున్నాయని తెలిశాక, పుచ్చకాయలో గింజల్లా లోపల ఎలక్ట్రాన్లున్నాయన్నారు. ఆ తర్వాత పలచటి బంగారు రేకు మీదికి వేరే బరువైన రేణువుల్ని పంపితే దాదాపు అన్నీ దూసుకుపోయాయి, ఏ కొన్నో వెనక్కి వచ్చాయి. అంటే లోపల చాలావరకు ఖాళీ, బరువంతా నడిమధ్య చిన్న కేంద్రకంలో ఉంది.

"అప్పుడే కదా నా బొమ్మ" అన్నారు మామయ్య.

"అవును మామయ్యా. కేంద్రకం చుట్టూ గ్రహాల్లా తిరుగుతాయన్నారు. అలా తిరిగితే శక్తి తరిగి లోపల పడిపోవాలి. పడట్లేదు. సరే, వాటికి కొన్ని కక్ష్యలే ఉన్నాయన్నారు. ఆ లెక్క హైడ్రోజన్‌కు సరిపోయింది, మిగతావాటికి కుదరలేదు. చివరికి ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని చెప్పలేం, ఎక్కడ దొరికే అవకాశం ఎక్కువో చెప్పగలం అన్నారు. అందుకే ఇప్పుడు మబ్బులా వేస్తున్నారు."

"అయితే ముందువాళ్లంతా తప్పే చేశారా?"

"తెలిసినంత వరకు వేశారు. కొత్తది తెలిసినప్పుడు మార్చుకున్నారు."

ఆయన చార్టు విప్పి గీతల మీద వేలు పెట్టారు. "నేను మొదటిసారి ఒక పాత పుస్తకం చూసి వేశాను. తర్వాత నా చార్టు చూసి నేనే వేసుకుంటూ వచ్చాను. ఆ గీతలేమిటని ఎవర్నీ అడగలేదమ్మా."

మర్నాడు పొద్దున్నే పెట్టె తెరిచారు. మబ్బుకు అంచు ఉండకూడదు, కుంచె పెడితే అంచు పడుతోంది. రెండు కాగితాలు పాడయ్యాయి. చివరికి పాత టూత్‌బ్రష్‌ను నీలం రంగులో ముంచి, బొటనవేలితో గీరుతూ చుక్కలు చిమ్మారు. నడిమధ్య ఒత్తుగా, పోనుపోను పలచగా పడ్డాయి.

"నేలంతా మబ్బు కమ్మింది" అన్నారు అత్తయ్య.

నాకు బాగా నచ్చింది. ఆయన మాత్రం కాసేపు చూసి, "ఇదీ నువ్వు చెప్పావని వేసిందేగా" అని పక్కన పెట్టేశారు.

రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాక ఆయనే మొదలుపెట్టారు.

"బుల్లీ, అచ్చుది కొనొద్దని మీ మేడమ్‌కు చెప్పు. చార్టు నేనే వేస్తాను. కానీ ఆవిడ ఒప్పుకుంటే, ఆ పాఠం అయ్యేదాకా మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాను. అర్థమయ్యాకే వేస్తాను."

బుల్లి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మా క్లాసులోనా తాతయ్యా?"

"నిన్ను పలకరించనులే."

"మాటిమాటికీ లేచి ఆవిణ్ణి ప్రశ్నలతో చంపకండి" అన్నారు అత్తయ్య.

"చెయ్యెత్తే అడుగుతాను" అన్నారు మామయ్య, కూర గిన్నె తనవైపు జరుపుకుంటూ.