వంతుల నెట్టు

రామబ్రహ్మంగారి కోడలు నెట్ డబ్బాకి ఏదో మందు ఎక్కించిందట, అది కాస్తా గుడ్లు తేలేసిందట. వెనక వాటాలో అద్దెకుంటున్న సువర్ణ పిండిమర దగ్గర నలుగురిలో అన్న మాట ఇది. అంట్లు తోమే సంతోషమ్మ ఆ మాటని ఒక్క ముక్క కూడా దారిలో జారవిడవకుండా తెచ్చి, హాలు గుమ్మంలో నిలబడి తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ ఆ కోడలు వందనకే అప్పజెప్పింది.

"చదువుకున్న పిల్ల కదా, చేతులూరుకోవు, ఎక్కడో చోట కెలుకుతుంది అన్నారండి. నా మాట కాదమ్మా, ఆవిడ మాటే. నాకెందుకు?"

"సాయంత్రం సీరియల్ రాదని కోపం ఆవిడకి."

"ఉత్తినే ఆగితే పర్లేదండి. ఇవాళ అందులో పెళ్ళంట. సరిగ్గా తాళి కట్టే రోజునే ఆగింది."

ఇంకో రోజైతే వందన నవ్వేదే. ఇప్పుడు ఆమె టీవీ బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి పెట్టిన తీగ మూరెడే ఉంది. అందుకని గోడకి ఆనుకుందామన్నా కుదరదు, కుర్చీలో కూర్చుందామన్నా కుదరదు. పొద్దున్నుంచీ ఆ మూల దాటి కదిలింది లేదు, ఫోన్‌కి సిగ్నల్ కోసం డాబా మీదికి పరిగెత్తడం తప్ప.

బంటుమిల్లిలో ఆ వరసలో మూడిళ్ళకి కలిపి ఒకటే నెట్ కనెక్షన్. రామబ్రహ్మంగారి పేరున తీసుకున్నారు. డబ్బా ఆయన హాల్లో ఉంటుంది. పక్కింట్లో తమ్ముడు శేషగిరిరావు, వెనక వాటాలో సువర్ణ అందులోంచే వాడుకుంటారు. ఇలా కలిసి తీసుకోవడం ఊళ్ళో అందరూ చేసేదే. రామబ్రహ్మంగారు చేసినది మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఆయన నెట్‌కి వంతులు పెట్టారు.

ఆయన ఒకప్పుడు నీటి సంఘం ప్రెసిడెంటు. కాలవలో నీళ్ళు తగ్గినప్పుడు ఈ ఊరికి ఇన్ని రోజులు, ఆ ఊరికి ఇన్ని రోజులు అని వంతులు వేసి, సైకిల్ మీద గట్టు వెంట తిరుగుతూ తూము షట్టర్లు దగ్గరుండి దింపించిన మనిషి. పదవి పోయాక చాలాకాలం చేతులు ఖాళీగా ఉన్నాయి. రౌటర్‌తో పాటు ఫోన్లోకి ఒక యాప్ వస్తుందని, అందులో ఏ ఇంటికి ఎప్పుడు నెట్ ఇవ్వాలో ఎప్పుడు ఆపాలో వేలితో నొక్కితే సరిపోతుందని తెలిసిన రోజున ఆయన మొహం వెలిగిపోయింది. పొద్దున పెద్దింటికి, మధ్యాహ్నం తమ్ముడి మనవడి క్లాసులకి, సాయంత్రం సువర్ణ టీవీకి. రోజూ భోజనం చేసి లేచి, కళ్ళజోడు పెట్టుకుని, పెద్దింటి షట్టరు దింపి తమ్ముడిది ఎత్తేవారు.

ఆ దింపిన షట్టరు కింద వందన ఉద్యోగం ఉంది.

ఆమె ఆస్పత్రుల బిల్లులు సరిచూసే కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా మేడ మీద గదిలో, లాప్‌టాప్ ముందు. ఇదివరకు మధ్యాహ్నాలు లైను అక్కర్లేని పనితో నెట్టుకొచ్చేది. కొత్తగా రోజూ మధ్యాహ్నం మీటింగు పెట్టారు, అది నడుస్తుండగా రెండుసార్లు లైను తెగింది. మూడోసారి తెగితే ఇంటి దగ్గర్నుంచి పని కుదరదు, బెంగుళూరు ఆఫీసుకి వచ్చెయ్యాలి అన్నాడు మేనేజరు. బెంగుళూరు ఎవరు పంపుతారు? ఫోన్ డేటాతో చేద్దామంటే కంపెనీ లాప్‌టాప్ ఒప్పుకోదు.

మావగారిని అడగలేదని కాదు. అడిగింది.

"మావయ్యగారూ, నాకు ఏడింటి దాకా ఆగకుండా కావాలండీ."

"అందరికీ ఆగకుండానే కావాలమ్మా. కాలవ ఒకటే కదా."

"ఉద్యోగం పోతుందండీ."

"పోతే పోయింది. నిన్నెవరన్నా సంపాదించమన్నారా? హాయిగా ఉండు."

ఆయన తిట్టి ఉంటే వందన పోట్లాడేది. ఆయన ప్రేమగా అన్నారు. ఆ ప్రేమతో ఎలా పోట్లాడాలో ఆమెకి తెలియలేదు.

అప్పుడు మొదలైంది ఈ ఆలోచన. రౌటర్‌లో కంపెనీవాడు పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి బయట ఉచితంగా దొరికేది ఎక్కించవచ్చు. కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారు. అది ఉన్న లైనుని ఎప్పటికప్పుడు అందరికీ సమానంగా పంచుతుంది. సువర్ణ టీవీ, మనవడి క్లాసు, వందన మీటింగు ఒకేసారి నడిచినా ఎవరికీ ఆగదు. వంతుల అవసరమే ఉండదు. ఆయన యాప్ మాత్రం పనిచెయ్యదు. ఆ సంగతి తర్వాత మెల్లగా చెప్పచ్చులే అనుకుంది.

రామబ్రహ్మంగారికి గట్టు తగాదాలో ఇవాళ బందరు కోర్టులో వాయిదా. ఆయన బస్సెక్కగానే వందన సెలవు పెట్టి డబ్బా ముందు కూర్చుంది. ఫైలు ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోకూడదని ఎర్రక్షరాలతో రాసి ఉంది. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉందని ధైర్యం. ఇన్వర్టర్ కరెంటు కోతకి పనికొస్తుంది గానీ, అత్తగారికి పనికిరాదని ఆమెకి తట్టలేదు.

ఫైలు సగం ఎక్కింది. సముద్రం వైపు ఆకాశం ఒక్కసారి గుర్రుమంది. వసారాలో చప్పున మెయిన్ దిగిన శబ్దం, వెంటనే ఇన్వర్టర్ మీట ఆగిన శబ్దం. డబ్బా మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

"అత్తయ్యా! ఎందుకు తీసేశారండీ?"

"ఉరిమిందిగా," అంది అరుణకుమారి, ఇందులో అడగడానికేముందన్నట్టు.

"ఎక్కడో దూరంగా ఉరిమితే?"

"ఎక్కడ ఉరిమినా తీస్తాం. వెనకటికి టీవీ కాలిపోయింది. అప్పట్నుంచీ మీ మావయ్యగారి ఆర్డరు. ఆయన ఊళ్ళో లేనిరోజు మరీ తీస్తాం."

నిజమే. కోస్తాలో ఏ ఇంట్లోనైనా ఉరుము వినబడితే చేసే పనే. ముందే చెప్పి ఉంటే ఆవిడ ఆగేది. చెప్పకుండా చెయ్యాలనుకున్నది వందనే.

మళ్ళీ కరెంటు వచ్చాక డబ్బా మీద ఒక దీపం మాత్రం మినుకు మినుకుమంటూ కూర్చుంది. అక్కణ్ణుంచి పడ్డ పాట్లు ఇన్నన్ని కావు. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే ఫోన్‌లో ఏదైనా చదవడానికి వీలు. అక్కడ చదవడం, కిందికొచ్చి చెయ్యడం, కుదరక మళ్ళీ మెట్లెక్కడం. డబ్బా వెనకున్న చిన్న కన్నంలో పిన్నీసు దూర్చి నొక్కిపట్టి స్విచ్ వెయ్యాలి, దీపం గబగబా కొట్టుకునేదాకా వదలకూడదు. ముందే వదిలితే పోతుంది, ఆలస్యంగా వదిలినా పోతుంది. వేలి చివర గుంట పడింది. మధ్యలో శేషగిరిరావు ప్రహరీ మీంచి తొంగిచూసి, "అమ్మాయ్, మావాడి క్లాసు టైమవుతోందే!" అని ఒకసారి, "ఇంకా ఎంతసేపమ్మాయ్?" అని ఇంకోసారి.

మధ్యాహ్నానికి డబ్బా బతికింది. కొత్త సాఫ్ట్‌వేర్ తెర మీదికొచ్చింది. కానీ ఎవరి ఫోన్లోనూ వైఫై కనబడలేదు. మళ్ళీ డాబా. కొత్తది ఎక్కించినప్పుడు వైఫై మూసే ఉంటుందట, మనమే తెరవాలట. తెరిచింది.

"వచ్చిందమ్మాయ్!" అని శేషగిరిరావు కేక. కాసేపటికే గొంతు దిగిపోయింది. "పేరైతే వచ్చింది గానీ ఏదీ తెరుచుకోవట్లేదేంటే?"

ఎందుకు తెరుచుకోవట్లేదో వందనకి అప్పుడు తెలిసింది. కేబుల్‌వాళ్ళ లైనుకి ఒక పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. అవి రౌటర్‌లో పెడితేనే నెట్ వస్తుంది. పాతది చెరిపినప్పుడు వాటితో సహా చెరిగిపోయాయి. ముందుజాగ్రత్తగా పాత వివరాలన్నీ ఒక ఫైలుగా దాచుకుంది. ఆ ఫైలు పాత సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకెవరూ విప్పలేనిదట. పోనీ పాత సాఫ్ట్‌వేరే మళ్ళీ ఎక్కిద్దామంటే, అది రౌటర్ కంపెనీవాడి సైట్‌లో ఎక్కడా దొరకలేదు.

ట్యాంకు పక్కన నిలబడి కేబుల్ సత్యవేదానికి ఫోన్ చేసింది.

"పాస్‌వర్డా మేడమ్? అది రామబ్రహ్మంగారి ఫోన్‌కి ఎప్పుడో పంపేశానండి. ఆయన్నడగండి."

"ఆయన ఊళ్ళో లేరండి. నాకు కూడా పంపండి, నేను వాళ్ళ కోడల్ని."

"తెల్సండి. కానీ ఎవరికీ ఇవ్వద్దన్నారండి ఆయన."

"ఎవరికీ అంటే కోడలికి కూడానా?"

అవతల సత్యవేదం కాస్త నసిగాడు. "మిమ్మల్ని కాదండి. అప్పటికింకా మీ పెళ్ళి కాలేదు. రేపు కోడలొచ్చినా సరే ఇవ్వద్దన్నారు."

వందన ఫోన్ పెట్టేసింది. తన మెడలో తాళి పడకముందే తన వంతు నిర్ణయమైపోయింది. డాబా మీంచి చూస్తే ఊరి అవతల చేపల చెరువులు మబ్బు కింద సీసపు రేకుల్లా పరుచుకుని ఉన్నాయి. ఆ చివరి చెరువు వాళ్ళదే. అత్తగారికి పుట్టింటివాళ్ళిచ్చిన పొలం. వరి సాగక చెరువు తవ్వించారు. అక్కడే ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"నాన్ననడుగు," అన్నాడు జయంత్.

"అడిగితే ఏమంటారో మీకు తెలీదా?"

"తెలుసు. అయినా అడుగు. నేనడిగితే ఇంకా పెద్దదవుతుంది."

"రేపు పదింటికి నేను లైన్లో లేకపోతే అయిపోయినట్టే."

"మేత పడవ వచ్చింది. సాయంత్రం మాట్లాడదాం."

ఎటు వెళ్ళినా దారి ఒకచోటికే వచ్చి ఆగుతోంది. బందరు నుంచి వస్తున్న బస్సులో, కిటికీ పక్క సీట్లో, ఒక చొక్కా జేబులో ఉన్న ఫోన్ దగ్గరికి. ఆమె కిందికి దిగి వచ్చి మళ్ళీ ఆ మూలనే కూర్చుంది. అప్పుడే సంతోషమ్మ పిండిమర మాట మోసుకొచ్చింది.

రామబ్రహ్మంగారు బస్సు దిగేసరికే ఆయనకి సంగతి చేరింది. ఇంటికొచ్చేసరికి హాల్లో శేషగిరిరావు కుర్చీలో ఉన్నాడు. సువర్ణ గుమ్మం దగ్గర, తనకేమీ పట్టనట్టు, ఉన్నదంతా పట్టించుకుంటూ నిలబడి ఉంది. జయంత్ అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అరుణకుమారి నేల మీద పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

ఆయన మంచినీళ్ళు తాగి, వాయిదా మళ్ళీ వాయిదా పడిందని తమ్ముడికి చెప్పి, అప్పుడు వందన వైపు తిరిగారు.

"ఏం చేశావమ్మా డబ్బాని?"

వందన దాచలేదు. ఏం తీసేసిందో, ఏం ఎక్కించిందో, ఎందుకో అంతా చెప్పింది. "పాస్‌వర్డ్ ఒక్కటి ఇస్తే ఇప్పుడే వస్తుందండీ. వంతులు లేకుండానే ముగ్గురికీ సమానంగా వస్తుంది. ఒక్కరోజు చూడండి."

"ఒక్కరోజు చూద్దాం అన్నయ్యా, పోయేదేముంది," అన్నాడు శేషగిరిరావు.

"నువ్వుండరా. నీళ్ళ సంగతి నీకేం తెలుసు?" రామబ్రహ్మంగారు కుర్చీలో సర్దుకున్నారు. "పాస్‌వర్డ్ ఇస్తానమ్మా. ఎందుకివ్వను? కానీ ఎవరి టైము వాళ్ళకి ఇదివరకట్లాగే పెట్టు. అది నా చేతికింద ఉండాలి."

"మధ్యాహ్నం ఆగితే నన్ను తీసేస్తారండీ. మూడోసారి."

"తీసేస్తే ఇంట్లో అన్నం లేదా? ఏరా జయంత్, పెట్టవా నీ పెళ్ళానికి?"

జయంత్ తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆరిపోయిన కాళ్ళనే ఇంకా తుడుచుకుంటున్నాడు.

"నాకైతే పెళ్ళి అయిపోయాక ఎప్పుడొచ్చినా ఒకటేనండీ," అంది సువర్ణ.

వందన లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంది. ఆ మూరెడు తీగ బిగుసుకుని డబ్బా బల్ల అంచుకి జరిగింది. దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి నెట్టింది. పాస్‌వర్డ్ లేకపోతే రేపు పొద్దునకే ఉద్యోగం లేదు. ఉంటే రేపు మధ్యాహ్నం దాకా ఉంటుంది.

"సరేనండీ. వంతులే పెడతాను. చెప్పండి."

రామబ్రహ్మంగారు మెత్తబడ్డారు. జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, సత్యవేదం పంపిన మెసేజ్ కోసం పైకీ కిందికీ జరిపారు. దొరికింది. చదవబోయి ఆగారు.

"నా మీద కోపం పెట్టుకోకమ్మాయ్. నేను నా కోసం చెయ్యట్లేదు. వంతు అనేది లేకపోతే ఎగువనున్నవాడే అంతా తోడుకుంటాడు, చివరనున్నవాడికి చుక్క మిగలదు. నేను ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్ళూ చివరెకరం దాకా నీళ్ళెళ్ళాయి. కావాలంటే ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

అరుణకుమారి చిక్కుడుకాయ మీంచి తల ఎత్తలేదు.

"ఊళ్ళోవాళ్ళెందుకు, నన్నడగమనండి. మా నాన్న ఇచ్చిన రెండెకరాలూ ఆ చివరే ఉన్నాయి. మీరు ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి తడవలేదు."