చప్పుడు చేయని తవ్వకం

కాజీస్ వైట్కుస్ లిథువేనియా వాడు. స్కాట్లండ్‌లోని మా లానార్క్‌షైర్ బొగ్గుగనికి వచ్చి ఏళ్లు గడిచినా మావాళ్లకి పరాయివాడే. మొదటి ప్రపంచ యుద్ధమొచ్చి, సైన్యం సొరంగాలు తవ్వేవాళ్లు కావాలంటే ముందుగా పేరిచ్చింది మాత్రం అతనే.

"మా ఊరు జర్మన్ల చేతిలో పడింది రాబ్. నాకు తుపాకీ పట్టడం రాదు. తవ్వడం వచ్చు" అన్నాడు నాతో.

బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో ఇద్దరం ఒకే జట్టులో పడ్డాం. జర్మన్ల కందకాన్ని కింది నుంచి పేల్చేయడానికి మావాళ్లు దాని కిందికి రహస్యంగా పెద్ద సొరంగం తవ్వుతున్నారు. ఆ సొరంగం నుంచి చీలిన ఇరుకు పాయలో మేమిద్దరం పడుకుని, శత్రువు తవ్వే చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవాళ్లం. ఒకరోజు వాళ్లు దగ్గర్లోనే మందుపాతర పేల్చారు. మా వెనక కప్పు కూలి, దారి మూసుకుపోయింది.

నేను సుత్తి అందుకుని కప్పుకి ఆసరాగా పెట్టిన దుంగ మీద కొట్టబోయాను, మావాళ్లకి వినిపించాలని. కాజీస్ నా మణికట్టు పట్టేసుకున్నాడు.

"కొట్టకు. జర్మన్లు వింటున్నారు. మనం బతికున్నామని తెలిస్తే ఇంకోటి పేలుస్తారు. పెద్ద సొరంగంలో ఉన్నవాళ్లంతా పోతారు."

"చావమంటావా? నీకేం, పరాయివాడివి! నాకు పెళ్లాం ఉందిరా!"

"నాకూ ఉంది. మీ వెనకింట్లోనే. రోజూ దాని బీట్‌రూట్ చారు వాసనకి తిట్టుకుంటావుగా" అన్నాడు మెల్లగా. "సుత్తి కింద పెట్టు. చేతుల్తో తవ్వుదాం."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. సుత్తి పక్కన పెట్టాను. గాలి మిగలాలని కొవ్వొత్తి ఆర్పేశాడు.

అతను వేళ్లతో బంకమట్టి గీకి వెనక్కి తోస్తే, నేను ఒళ్లోకి తీసుకుని మూలకి చేర్చాను. విరిగిన దుంగ అడ్డొస్తే కొట్టకుండా కత్తితో చెక్కాడు. నాకు తల తిరిగి, "ఇక నావల్ల కాదు" అన్నాను.

"అయితే పడుకో. నేను తవ్వుతాను" అన్నాడు. పడుకోవడానికి సిగ్గేసి మళ్లీ మట్టి లాగాను.

చివరికి అతని చెయ్యి అవతలికి పోయింది. అవతల ఎవరో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నారు. మా సార్జెంట్ మ్యూర్. వాళ్లూ చప్పుడు చేయకుండా మాకోసం తవ్వుతూనే ఉన్నారు.

బయటికొచ్చాక చూస్తే కాజీస్‌కి చాలా గోళ్లు లేవు. సెలవిస్తామంటే వద్దన్నాడు. చేతులకి కట్లతో తవ్వలేక, మట్టి బస్తాల తాడు నడుముకి కట్టుకుని లాగాడు. ఆ పెద్ద సొరంగం జర్మన్ల కంటపడకుండా వాళ్ల కందకం కిందికి చేరేదాకా లాగుతూనే ఉన్నాడు.