పేరు పోయినా గొంతుంది

పొద్దున షిఫ్టుకి కంప్యూటర్లన్నీ మూగబోయి ఉన్నాయి. చూపులేని టెలిఫోన్ ఆపరేటర్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటలు నొక్కుతున్నారు. తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పలకడం లేదు.

"సాయంత్రానికి పని మొదలవ్వకపోతే ఈ సీట్లలో కళ్ళున్నవాళ్ళు కూర్చుంటారు" అన్నాడు సూపర్‌వైజర్.

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది మేము; ఆపరేటర్ల కబురందుకుని వచ్చాం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సు పెట్టాం. కోడ్‌కి కాపలా పెట్టి పేరుని గాలికొదిలేశాం. మా సభల్లో ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. "ట్రేడ్‌మార్కు , అంటే ఈ పేరు మీద హక్కు, నా పేరున రిజిస్టర్ చేయిస్తా" అని మాలో పెద్దాయన అన్న రోజు ఒక్కరమూ నోరు విప్పలేదు. ఆయన దాన్ని ఒక కంపెనీకి అమ్మేశాడు. ఆ పేరుతో ఇంకెవరూ పంచకూడదని కంపెనీ నోటీసులిచ్చింది. భయపడి ఈ ఆఫీసు మా సాఫ్ట్‌వేర్‌ని పీకేసింది. అదే కోడ్, అదే గొంతు ఇప్పుడు కంపెనీ దగ్గర కొనుక్కోవాలి.

క్యాంటీన్‌లో అందరం కూర్చున్నాం.

"కోర్టుకెళ్దాం" అన్నాడు మాతో వచ్చిన విద్యార్థి.

"వెళ్ళు నాయనా. తీర్పొచ్చేసరికి నేను రిటైరైపోతాను" అంది ఆపరేటర్ల యూనియన్ అక్క.

"పేరు మనదక్కా! వదిలేస్తే ఓడినట్టే కదా?"

"నా పిల్లలకి అన్నం పెట్టేది పేరా, గొంతా? పేరు వాడి మొహాన కొట్టి గొంతు తెండి."

"ప్రతి ఫైల్లోనూ ఆ పేరుంది."

"ఇంతమందున్నారు, చేతులు అరిగిపోతాయా?"

ఫైళ్ళు పంచుకున్నాం. మేం పేరు తీసేస్తుంటే ఆపరేటర్లు నా లాప్‌టాప్‌లో వింటూ తప్పులు పట్టారు. "ఇదిగో, ఈ మూల ఇంకా కూస్తోంది వాడి పేరు!" అని అక్క మళ్ళీ మళ్ళీ అరిచింది.

ఆఫీసుని అనుమతి అడిగితే ఇవ్వరని తెలుసు. సాయంత్రం అక్క తన చేత్తోనే పేరు తీసేసిన కోడ్ అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించింది. సూపర్‌వైజర్ పోలీసుల్ని పిలిచాడు.

"అనుమతి లేకుండా ఎక్కించిందెవరు?" అన్నాడు వచ్చిన ఎస్సై.

"నేనే సార్."

"దీని పేరేంటి?"

"ఇంకా పెట్టలేదు. కేసు రాయడానికి ఇబ్బందైతే మీరే ఏదో ఒకటి పెట్టుకోండి."

అక్కని మెట్లు దింపి తీసుకెళ్ళారు. చేతికర్ర కూడా ఇవ్వలేదు. వెంటనే ఆపరేటర్లందరి తెరల మీదకీ ఉత్తర్వు వచ్చింది. ఎవరో కంప్యూటర్ నుంచి ఇయర్‌ఫోన్ వైరు పీకేశారు. తర్వాత అందరూ పీకేశారు.

"మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించడమైనది" అని కంప్యూటర్లన్నీ ఒకే గొంతుతో పెద్దగా చదివాయి. సూపర్‌వైజర్ ఆపమని అరుస్తున్నాడు. ఎవరూ ఆపలేదు. మళ్ళీ చదివించారు, ఇంకా గట్టిగా. కింది అంతస్తు పనివాళ్ళు ఒక్కొక్కరే సీట్లు వదిలి మెట్లెక్కి రాసాగారు.